ఆరో రాయి, పన్నెండో రాయి

చిన్నయ్య ఆ మాట అన్నాక ఇంట్లో ఎవరూ చాయ్ ముట్టలేదు.

"రేపు కమాను కింద కోడలు నిలబడ్తది." అంతే అన్నాడు. అని, గోడకు చేరగిలబడి, కండువాతో మెడ తుడుచుకున్నాడు, పెద్ద విషయమేమీ కానట్టు.

రమేష్ చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. వంటింటి గడపలో నిలబడ్డ అనసూయ తలెత్తలేదు. ఎత్తకపోయినా ఆమె చెవుల వరకు ఎర్రగా పాకిన సంతోషం అతనికి కనబడింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ ఎరుపు ఆమె ముఖంలో తన మాటకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకోబోయి మానుకున్నాడు.

"మన ఇంట్ల ఆడోళ్లు ఎన్నడన్న నిలబడ్డరా బాపు?"

"మన ఇంట్ల ఆడోళ్లు ఎన్నడన్న కమాను కట్టిండ్రా?" ముసలాయన తిరిగి అడిగాడు. "కట్టినోళ్లు కింద నిలబడాలె. మా నాయిన నిలబడ్డడు. నేను నిలబడ్డ. గిప్పుడు కట్టింది ఆమె."

మంచిర్యాల పక్క నుంచి రైల్వే పనికి మహారాష్ట్రలోని చాందాకు వచ్చిన నాటి నుంచీ ఆ కుటుంబంలో ఉన్న ఆచారం అది. రాతి కమానును చెక్క చట్రం మీద పేరుస్తారు. సున్నం గట్టిపడ్డాక చట్రం కింద బిగించిన చెక్క చీలలు వదులు చేస్తారు. చట్రం కాస్త కిందికి దిగుతుంది, కమాను మొదటిసారి తన బరువు తాను మోస్తుంది. సరిగ్గా ఆ నిమిషంలో కట్టిన మేస్త్రి దాని కింద నిలబడాలి. రాళ్లు పడితే ముందు తన నెత్తిన పడాలి. నిలబడని మేస్త్రికి మళ్లీ ఎవరూ పని చెప్పేవారు కాదు.

"నేను నిలబడ్త," అన్నాడు రమేష్.

చిన్నయ్య కొడుకు వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. అదే రమేష్‌ను ఎక్కువ మండించింది.

"నువ్వు ఏ రాయి పెట్టినవని నిలబడ్తవు రా?"

రమేష్ కప్పు కింద పెట్టాడు. చెప్పడానికి జవాబు ఉంది. రెండు రాళ్ల జవాబు. కానీ అది నోటిదాకా వచ్చే జవాబు కాదు.

*

మూడో లైను వేయడానికి పాత స్టేషన్ అడ్డమొచ్చింది. నూరేళ్లు దాటిన నల్లరాతి కట్టడం. కూల్చొద్దని ఊరంతా గోల చేస్తే రైల్వే వాళ్లు ఒక దారి కనిపెట్టారు. రాయి రాయికీ అంకె వేసి విప్పడం, నాలుగు వందల మీటర్ల అవతల మళ్లీ అదే వరసలో పేర్చడం. పుణె నుంచి ఒక కంపెనీ పని తీసుకుంది. సున్నంతో రాయి కట్టడం తెలిసినవాడు చుట్టుపక్కల ఎవరున్నారని వెతికితే చిన్నయ్య దొరికాడు. డెబ్బై మూడేళ్లు. పక్షవాతం వచ్చి తగ్గాక కుడిచేయి వణుకుతుంది. చెప్పగలడు, కుంచె పట్టలేడు.

ఆయన మొదట పిలిచింది కొడుకునే. ఈ సంగతి రమేష్ ఎవరికీ చెప్పడు, మరిచిపోనూ లేడు.

"పాత బండల మీద జాజుతోని అంకెలు ఏసుడు పనేనా బాపు," అని నవ్వాడు అప్పుడు. ఊళ్లోని తుకుం పేటలో సగం ఇళ్లకు స్లాబు పోసినవాడు అతను. సిమెంటు బస్తాలు, రెడీమిక్స్ లారీలు, టైల్స్ శాంపిళ్లు, అతని లోకం అది. రాయి పాతకాలపు సరుకు.

అప్పుడు అనసూయ టిఫిన్ డబ్బా పట్టుకుని మామ వెంట వెళ్లింది. మొదటి వారం కుంచె పట్టింది. రెండో నెలలో సున్నం చేతిలోకి తీసుకుని, ఇది ఇంకా పులవలేదు మామా, అంది. ఏడాది తిరిగేసరికి విప్పిన ప్రతి రాయి వెనకా ఎర్రజాజుతో ఆమె చేతి అంకే ఉంది. రైల్వే ఇంజనీరు వాంఖడే సాహెబ్ ఏ సంగతి అడగాలన్నా నేరుగా 'అనసూయా తాయి' అని అక్క వరసలోనే పిలిచేవాడు. మరాఠీ పేపర్లో ఫొటో వచ్చింది. లక్కడ్‌కోట్‌లోని ఆమె పుట్టింటివాళ్లు దాన్ని చట్రం కట్టించి దండ వేయబోతే, బతికున్నోళ్లకు దండ ఏందని ఎవరో ఆపారట.

సిమెంటు దుకాణం సేటు మొన్న ఇంకో గిరాకీకి రమేష్‌ను చూపించాడు. "స్టేషన్ తాయి మిస్టర్," అని, ఆమె మొగుడిగా.

తుకుంలో సగం ఇళ్లకు స్లాబు పోసినవాడు.

*

ఆ పని చేసిన రోజు అతను నిజానికి పెళ్లాన్ని ఇంటికి తీసుకుపోదామనే వెళ్లాడు.

రేకుల షెడ్డు అవతల అనసూయ, చిన్నయ్య, వాంఖడే ఏదో కొలత మీద వాదించుకుంటున్నారు. ఆమె చీర కొంగు నడుముకు చుట్టి, నేల మీద సుద్దముక్కతో గీస్తోంది. ముసలాయన మధ్యలో ఏదో అంటే ముగ్గురూ నవ్వారు. రమేష్ పది నిమిషాలు నిలబడ్డాడు. ముగ్గురిలో ఒక్కరూ తిరిగి చూడలేదు.

షెడ్డులో టికెట్ హాలు కమాను రాళ్లు వరసగా ఉన్నాయి. మొత్తం పదిహేడు. తొమ్మిదోది నడినెత్తి రాయి. ఆరోది ఎడమ పక్క, పన్నెండోది కుడి పక్క. అద్దంలో చూసుకున్నట్టు రెండూ ఒకేలా ఉంటాయి. కానీ చేత్తో చెక్కిన రాళ్లు కదా, ఆరోది తల దగ్గర వేలెడు వెడల్పు, పన్నెండోది వేలెడు సన్నం.

తడి గోనెపట్టాతో రెండు అంకెలూ తుడిచాడు. పక్కనే జాజు డబ్బా, కుంచె. ఆరును పన్నెండు చేశాడు, పన్నెండును ఆరు.

అతని ఆలోచన చిన్నది. రాళ్లు కుదరవు. పూటంతా అందరి ముందూ ఆమె తెల్లమొహం వేసుకుని నిలబడుతుంది. అప్పుడు తను ముందుకొచ్చి, ఈ రెండూ మార్చి చూడండి అంటాడు. బాపు ఒకసారి తన వైపు తిరిగి చూస్తాడు. అంతకన్నా ఏమీ కోరుకోలేదు.

కానీ కమాను లేచిన మూడు రోజులూ అతను గడ్‌చాందూర్‌లో స్లాబు పని మీద ఉండిపోయాడు. తిరిగొచ్చేసరికి నడినెత్తి రాయి కూర్చుంది, పేడా మిఠాయి పంచడం కూడా అయిపోయింది. రెండు రాళ్లు చోటు మార్చుకున్నా మొత్తం కొలత మారదు. ఒకటి ఎంత పెరిగిందో ఒకటి అంత తగ్గింది. ఆ లెక్క అతనికి అప్పుడు తట్టలేదు. మారింది కొలత కాదు, బరువు దిగే దారి.

కమాను లేచి ఇరవై నాలుగు రోజులైంది. అంకెలు ఉన్న వెనక వైపు ఇప్పుడు గోడలోకి పోయింది.

ఆమె పరువు పోవాలనుకున్నాడు. ప్రాణం పోవాలని అనుకోలేదు.

*

పొద్దున తండ్రితో మాట తెగకుండానే రమేష్ సైటు మీదికి వెళ్లిపోయాడు. తొమ్మిదింటికి వాంఖడేకు ఫోన్ చేశాడు. పోయిన వారం వాన పడింది, సున్నం ఆరి ఉండదు, ఎనిమిది రోజులు ఆగితే మంచిదని మరాఠీలో నమ్మకంగా చెప్పాడు. వాంఖడే మర్యాదగా విన్నాడు. తాయిని ఒకసారి అడుగుతానన్నాడు.

ఆ 'అడుగుతాను' ఏమైందో మధ్యాహ్నం అన్నానికి ఇంటికొచ్చినప్పుడు తెలిసింది.

పళ్లెం పెట్టింది కూతురు. అక్షిత బీకాం రెండో సంవత్సరం. తాతను ఎంత వెనకేసుకొస్తుందో అమ్మను అంతకు రెండింతలు వెనకేసుకొస్తుంది. పప్పు వడ్డించింది, నీళ్లు పెట్టింది, ఎదురుగా కూర్చుంది.

"పప్పా, సాహెబ్‌కు ఫోన్ చేసినవా?"

"చేస్తే ఏంది?"

"మమ్మీ ముంగటనే స్పీకర్ల పెట్టి విని, ఫోన్ కట్ చేసినంక నవ్విండంట ఆయన. 'మీ మిస్టర్‌కు సున్నం మీద ఎప్పటినుంచి ప్రేమ తాయి' అని." ఆ పిల్ల గొంతులో కోపం కన్నా సిగ్గు ఎక్కువ ఉంది. "మమ్మీ గోటితోని గీకి చూసింది. ఆరిందని చెప్పింది. పప్పా, తుమ్హీ మమ్మీవర్ జళతా కా?"

అమ్మను చూసి కుళ్లుకుంటున్నావా అని. తెలుగులో అడగడానికి నోరు రానివన్నీ ఆ పిల్ల మరాఠీలో అడుగుతుంది.

రమేష్ ముద్ద మింగాడు. లేదు అనడానికి ముందు ఒక్క క్షణం పట్టింది. ఆ క్షణాన్ని అక్షిత చూసింది.

"బస్, సమజైంది," అని లేచిపోయింది.

*

సాయంత్రం ఐదున్నరకు అతను వంటింట్లోకి వెళ్లాడు.

అనసూయ జొన్నరొట్టె తడుతోంది. ఒక చేత్తో పిండి తిప్పుతూ, ఇంకో చేత్తో అంచు నొక్కుతూ. వేళ్ల సందుల్లో సున్నం కాటు మచ్చలు. రెండేళ్ల కింద ఆ వేళ్లు అలా ఉండేవి కావు. ఒకప్పుడు ఆ వేళ్లు తనవి అనిపించేవి. ఇప్పుడు అవి స్టేషన్‌వి, బాపువి, వాంఖడేవి, పేపరువాళ్లవి.

"రేపు నువ్వు నిలబడకు," అన్నాడు.

ఆమె రొట్టెను పెనం మీద వేసింది.

"ఎందుకు?"

"ఆరో రాయి ఆరోది కాదు. పన్నెండోది పన్నెండోది కాదు. నేనే అంకెలు మార్చిన."

పెనం మీద నీళ్లు చల్లి, రొట్టె తిరగేసి, అప్పుడు తలెత్తింది. అతను ఎదురుచూసిన చూపు అది కాదు. భయం లేదు. జాలిలాంటిది ఏదో ఉంది.

"పొద్దుగాల నేనే నిలబడ్త అన్నవ్. తొమ్మిది గంటలకు సాహెబ్‌కు ఫోన్ చేసి ఎనిమిది రోజులు ఆపుమన్నవ్. గిప్పుడు రాళ్లు మార్చిన అంటున్నవ్. రేపు చీల కొట్టేటాళ్లకు ఇంకేం అంటవ్?"

"ఒట్టు అనసూయా."

"ఎవలి మీద?"

అతను అక్షిత పేరు ఎత్తబోయాడు. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"పిల్లను మధ్యల పెట్టకు." గొంతు పెరగలేదు, తగ్గింది. "పేపర్ల ఫొటో వచ్చిననాడు నువ్వు అన్నం తినలే. కడుపు నొప్పి అన్నవ్. సాహెబ్ నాకు సైకిల్ మోటరు ఇప్పిస్తా అంటే ఆడోళ్లకెందుకని వద్దన్నవ్. నేను నడుచుకుంటనే పోయిన. నీ దోస్తుల ముంగట నన్ను 'మేస్త్రి వచ్చింది, కుర్చీ ఏయుండ్రి' అన్నవ్. నవ్విన. అన్ని ఓర్సుకున్న. రేపొక్కటే దినం. గా ఒక్కటి నాకు ఉంచు."

"గా ముచ్చట కాదు నేను చెప్పేది."

"నువ్వు ఎప్పుడూ గా ముచ్చటనే చెప్తవ్. మాటలు వేరే పెడ్తవ్ అంతే."

అతనికి ఒళ్లు మండిపోయింది. నిజం చెప్పినా నమ్మనంత చిన్నవాడైపోయాడా తను ఈ ఇంట్లో? ఆ మంటలో ఒక నీచమైన ఆలోచన కూడా మెరిసింది. నమ్మకపోతే పో, చెప్పాల్సింది నేను చెప్పాను. మరుక్షణమే ఆ ఆలోచనకు తనే ఉలిక్కిపడ్డాడు.

అనసూయ ముందు గది వైపు గొంతెత్తింది. "మామా, నీ కొడుకు ఆరో రాయి, పన్నెండో రాయి మార్చి పెట్టిండంట."

లోపలి నుంచి చేతికర్ర నేలకు తగిలిన చప్పుడు వచ్చింది. చిన్నయ్య గడపలోకి వచ్చాడు.

"మారిస్తే నడినెత్తి రాయి ఎట్ల కూసుంది రా?"

"రెండు తారుమారైతే మొత్తం మారది బాపు. ఒకటి పెరిగింది, ఒకటి తగ్గింది."

"కాయితం మీద." ముసలాయన గొంతు గట్టిపడింది. "ఒక్కొక్క రాయి కూసుంటుంటే ఈ చేతితోని తడిమిన నేను. కోడలు చూసింది, నేను చూసిన. నాకు తెల్వదా?"

రమేష్ తండ్రి కళ్ల వైపు చూశాడు. పొర కమ్మిన కళ్లు. వణికే చేయి. ఆ చేయి ఏం తడిమి ఉంటుందో అడగవచ్చు. అడిగితే ఈ ముసలాయనకు మిగిలిన ఒక్కటీ పోతుంది. పొయ్యి వైపు తిరిగాడు.

రొట్టె మాడింది. అనసూయ దాన్ని తీసి పక్కన పెట్టి, కొత్త ముద్ద చేతిలోకి తీసుకుంది.

*

ఎండ ముదరకముందే పని కావాలని పొద్దున ఏడున్నరకు ముహూర్తం పెట్టారు.

కొత్త చోట లేచిన స్టేషన్‌కు ఇంకా పైకప్పు లేదు. గోడలు, కిటికీలు, ముందు టికెట్ హాలు కమాను. పన్నెండు అడుగుల ఎత్తు. కింద చెక్క చట్రం, దాని కాళ్ల దగ్గర నాలుగు చీలలు. రైల్వే వాళ్లు, పనివాళ్లు, పేపరువాళ్లు ఇద్దరు, ముప్పై మంది దాకా జనం.

ఆమె కింద నిలబడడానికి వాంఖడే మొదట ఒప్పుకోలేదట. రూల్ లేదన్నాడు. రూల్ లేకుంటే చీల కొట్టే మాట నా నోట్లకెళ్లి రాదని చిన్నయ్య కుర్చీలో కూర్చున్నాడట. చివరికి హెల్మెట్ పెట్టుకోవాలనే షరతు మీద తెగింది.

అనసూయ పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకుని, చెప్పులు విడిచి, కమాను కిందికి వెళ్లింది. రెండు చేతులూ పక్కకు వదిలి నిటారుగా నిలబడింది. ఫొటోలు తీశారు. పెళ్లిలో కూడా ఆమె అంత నిటారుగా నిలబడలేదు.

రమేష్ జనం వెనక ఉన్నాడు. అదే పాత కుళ్లు మళ్లీ కదిలింది. ఇప్పుడు కూడా. ఆమె తలమీద చావు ఉందని తెలిసి కూడా, ఆ ఫొటోలు చూస్తే కదిలింది. తనమీద తనకే రోత పుట్టింది.

"కొట్టు," అన్నాడు చిన్నయ్య.

చీలలు కొట్టేది ఇస్తారి. చిన్నయ్యతో పాటు నలభై ఏళ్లు రాయి మోసినవాడు. చెక్క సుత్తెతో మొదటి చీలను వేలెడు జరిపాడు. ఆగాడు. అందరూ పైకి చూశారు. ఏమీ కాలేదు.

రెండో చీల. వేలెడు.

ఎడమ పక్క, నడినెత్తికి మూడు రాళ్ల ఇవతల, సందులోంచి తెల్లటి పొడి సన్నగా రాలింది. చిటికెడు. ఎవరూ పట్టించుకోలేదు. కొత్త కమాను అన్నాక సున్నం కాస్త రాలుతుంది.

రమేష్ నడిచాడు. జనాన్ని తోసుకుని, తాడు దాటి, వాంఖడే "అరే, అరే" అంటుండగా కమాను కిందికి వెళ్లి పెళ్లాం పక్కన నిలబడ్డాడు. హెల్మెట్ లేదు.

అనసూయ పెదవులు కదలకుండా అంది. "బయటికి పో. ఫొటో తీస్తున్నరు. గిది నా జాగ."

"ఇండ్ల రెండు రాళ్లు నావి."

"పోతవా లేదా?"

"నువ్వు పోతే పోత."

ఇస్తారి మూడో చీల మీద సుత్తె ఎత్తాడు. చిన్నయ్య చేయి లేచింది, ఆగమన్నట్టు. ఆ వణికే చేయి గాలిలో అలాగే ఉంది. ముసలాయన కొడుకునే చూస్తున్నాడు. రమేష్ మోకాళ్లు వణుకుతున్నాయి, దాచుకోవడానికి పంచె లేదు, ప్యాంటు గుడ్డ మీద ఆ వణుకు దూరానికి కూడా కనిపిస్తోంది. కానీ కాళ్లు కదలడం లేదు.

అనసూయ కూడా చూసింది. ముందు అతని మోకాళ్లు. తర్వాత తలెత్తి, ఎడమ పక్క ఆరో రాయిని.

ఆ రాయి కూర్చోబెట్టిన రోజు దాని సందు మిగతావాటికన్నా రెండింతలు సున్నం తాగింది. ఎందుకు మామా అని ఆమె అడిగింది. పాత రాయి, అరిగింటది, అంకె సరిగ్గ ఉన్నది కద, పెట్టు అన్నాడు ఆయన. ఈ పనిలో అంకె రాయికి పేరు లాంటిది. పేరు చూసి పెట్టింది. కన్ను చెప్పింది వినలేదు.

ఆమె ముఖంలో రక్తం దిగిపోవడం రమేష్ దగ్గరనుంచి చూశాడు.

"ఇస్తారి మామా," అంది మెల్లగా, "చీలలు ఎనుకకు కొట్టు. రెండూ. బిగువుగ."

అని, చెప్పుల కోసం చూడకుండా, కమాను కిందనుంచి బయటికి నడిచింది. రమేష్ మణికట్టు ఆమె చేతిలో ఉంది. పెళ్లిలో పట్టుకున్నట్టు కాదు, తప్పిపోబోయే పిల్లవాణ్ని పట్టుకున్నట్టు.

జనంలో గుసగుస లేచింది. నిలబడాల్సిన మేస్త్రి బయటికొచ్చింది. రాయి తెలిసిన ముసలివాళ్లు ముఖాలు తిప్పుకున్నారు. ఒక పేపరాయన ఆ బయటికి రావడాన్ని కూడా ఫొటో తీశాడు. ఇస్తారి సుత్తె దెబ్బలు రెండుసార్లు, ఇంకో రెండుసార్లు వినిపించాయి. పొడి రాలడం ఆగింది.

"ఏమైంది తాయి?" వాంఖడే పరుగున వచ్చాడు.

రమేష్ ఆమె నోటివైపు చూశాడు. ఇప్పుడు తన పేరు వస్తుంది. రావాలి. ఒక రకంగా వస్తే బాగుండుననిపించింది.

"ఆరోది, పన్నెండోది తారుమారైనయి సాహెబ్. కమాను విప్పి మళ్ల కట్టాలె."

"ఎట్లా? ఎవరు చేశారు?"

"అంకెలు ఏసింది నేనే కద."

అంతే అంది. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంది. రమేష్ వైపు చూడలేదు. కుర్చీలో చిన్నయ్య తల దించుకున్నాడు, కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

అందరి ముందూ అనసూయ తప్పు ఒప్పుకుని నిలబడడం. నలభై రోజుల కింద షెడ్డులో కుంచె పట్టుకున్నప్పుడు రమేష్ కోరుకున్నది అచ్చంగా ఇదే. ఇప్పుడది కళ్ల ముందుంది. ఇంకొకరి తప్పును నెత్తిన పెట్టుకుని నిలబడ్డ ఆ మనిషి పక్కన తను ఇంకా చిన్నవాడైపోయాడు. చివరికి తన పాపం కూడా ఆమె చేతికే పోయింది. దానికి కూడా అతనికి అసూయ కలిగింది.

వాంఖడే పక్కకు పోయి పుణె వాళ్లతో ఫోన్లో మాట్లాడాడు. చాలాసేపు విన్నాడు, తక్కువ మాట్లాడాడు. తిరిగొచ్చేటప్పుడు అతని నడక వేరుగా ఉంది. ఆఫీసు నడక. అనసూయను దాటుకుని నేరుగా రమేష్ దగ్గరకు వచ్చాడు.

తాయిని కొన్నాళ్లు పని నుంచి ఆపమంటున్నారని చెప్పాడు, మరాఠీలో, అందరికీ వినబడేలా. కమాను విప్పి మళ్లీ కట్టే పని రమేష్ అన్నకు, 'రమేష్ భావు'కు, ఇవ్వమన్నారట. తప్పు పట్టుకుని నిన్ననే ఫోన్ చేసి ఆపమన్నది ఆయనే కదా, ప్రాణానికి తెగించి కిందికి పోయిందీ ఆయనే కదా. పేపరాయన కెమెరా ఇటు తిరిగింది. "అన్నా, ఇక్కడ నిలబడండి," అన్నాడు.

చిన్నయ్య ముఖం మీది కండువా కిందికి జారింది. రెండేళ్లుగా ఎదురుచూసిన చూపు. బాపు పూర్తిగా కొడుకు వైపే చూస్తున్నాడు.

వాంఖడే జేబులోంచి పెన్ను తీసి, ప్యాడు మీద తేదీ వేశాడు.

"రిపోర్టులో రాయాలి, ఒక్క మాట చెప్పు రమేష్ భావు. రాళ్లు గోడలో ఉన్నాయి. అంకెలు రాళ్ల వెనక ఉన్నాయి. కట్టినవాళ్లకే తెలియలేదు. నీకెట్లా తెలిసింది?"

కమాను కిందనుంచి బయటికొచ్చాక మొదటిసారి అనసూయ తల తిప్పి మొగుణ్ని చూసింది.